గ్లాసెడు పాలు

“రక్తం ఆపమని తీసుకొస్తే ఊపిరే ఆపేస్తారా?” కొడుకు డాక్టరమ్మ మీదికి దూసుకెళ్లాడు.

“రక్తం ఆగిందండీ. నోట్లోంచి గొట్టం పంపి, కడుపులో పుండుకి క్లిప్పు వేశాను. వేస్తుండగానే మీ నాన్నగారికి వాంతయి, కడుపులో ఉన్నదంతా ఊపిరితిత్తుల్లోకి పోయింది. ఇప్పుడు మిషన్ మీద ఉన్నారు.”

“కడుపులో రక్తం తప్ప ఏముంటుంది?”

“పాలు. విరిగిన పాలు. ఏమైనా తాగారా అని ముందే అడిగాను కదా. తాగారంటే నా జాగ్రత్త నేను పడేదాన్ని. మంచినీళ్లు కూడా ముట్టలేదన్నారు మీరు.”

“ముట్టలేదు కాబట్టే అన్నాను! చేసిందంతా చేసి మా నెత్తిన రుద్దకండి.”

బెంచీ మీదున్న తల్లి సంచిలోంచి గ్లాసు తీసి ఒళ్లో పెట్టుకుంది. అంచున మీగడ ఎండిపోయి ఉంది.

“మంట, మంట అని మెలికలు తిరిగిపోతుంటే, చల్లారుతుందని నేనే పట్టానురా.”

కొడుకు డాక్టరమ్మను వదిలి తల్లి మీదికి తిరిగాడు.

“మరి ఆవిడ అడిగినప్పుడు బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డావేం?”

“చెప్పబోయాను. నీకేం తెలీదు, నోర్మూసుకో, డాక్టర్లతో నేను మాట్లాడతానన్నావు.”

డాక్టరమ్మ వచ్చి తల్లి పక్కన కూర్చుంది.

“ఇంకేమైనా ఇచ్చారామ్మా? నొప్పి మాత్రల్లాంటివి?”

తల్లి నోరు తెరిచింది. అంతలోనే ఆగి, కొడుకు ముఖంలోకి చూసింది.

“చెప్పమంటావా?”