గిన్నె ఎవరిది?

"ఒక్కడే వెళ్తాడు. రెండోవాడు పెంగెల్లీ దగ్గరే ఉంటాడు," అన్నాడు హాస్కింగ్.

"ఉండి ఏం చేస్తాం సార్?" అన్నాడు సైలస్. "ఒకడికి బదులు ఇద్దరం చస్తాం, అంతేగా!"

"చస్తే చస్తాం. తోటి నావికుణ్ణి మంచులో ఒంటరిగా వదిలేసి వచ్చామని ఓడలో ఏ మొహం పెట్టుకుని చెప్తావురా?"

దక్షిణ ధ్రువం దారిలోంచి వెనక్కి వస్తూ ముగ్గురూ ఈ గుడారంలో ఇరుక్కుని నాలుగు రోజులైంది. పెంగెల్లీ పాదాలు రెండూ మంచు కొరికి నల్లగా మాడిపోయాయి. తొమ్మిది రోజులు మంచుబండి మీద వేసుకుని లాక్కొచ్చారు. ఇక లాగే ఓపిక ఎవరికీ లేదు. మిగతావాళ్లున్న బస చూస్తే ఆరు రోజుల నడక, బిస్కెట్లు చూస్తే చారెడు. వెళ్లినవాడు బతకొచ్చు. ఉన్నవాడి సంగతి వేరే చెప్పాలా?

"మరి ఎవరు వెళ్లాలి సార్?"

"తిండి పంచుకున్నట్టే తేల్చుకుందాం."

తిండి పంచేటప్పుడు పెంగెల్లీ గుడారం గోడ వైపు తిరుగుతాడు. హాస్కింగ్ ఒక వాటా మీద వేలు పెట్టి "ఇది ఎవరిది?" అంటాడు. పెంగెల్లీ చూడకుండానే ఒక పేరు పిలుస్తాడు. పెద్ద ముక్క వచ్చినా, ఒట్టి పొడి వచ్చినా, పిలిచిన పేరుకు తిరుగులేదు. ఈ మూడు నెలల్లో దాని మీద ఒక్కసారి కూడా మాటా మాటా రాలేదు.

"గిన్నె ఎవరిదైతే వాడు ఉంటాడు. దిక్సూచి ఎవరిదైతే వాడు వెళ్తాడు," అని చెప్పి హాస్కింగ్ గుడారం మీది మంచు దులపడానికి బయటికి పాకాడు.

సైలస్ చటుక్కున పెంగెల్లీ చెవి దగ్గరికి వంగాడు. ఇద్దరూ ఒకే రేవులో పుట్టి పెరిగినవాళ్లు.

"ఒరే, దిక్సూచి చూపించినప్పుడు దగ్గుతాను. నా పేరు పిలువు. దగ్గకపోతే అది గిన్నె. హాస్కింగ్ అను."

"అంటే ముసలాయన్ని నాతోపాటు పాతిపెడతావన్నమాట."

"నా కూతురు ఎలా ఉంటుందో కూడా నాకు తెలీదురా! నీ కాళ్లు పట్టుకుంటాను."

"కాళ్ల జోలికి పోకు. చేతికి ఊడొస్తాయి." పెంగెల్లీ నవ్వబోతే పగిలిన పెదవి నుంచి నెత్తురు కారింది.

సైలస్‌కు సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. అయినా బతకాలనే ఉంది. ఏం చేస్తాడు?

హాస్కింగ్ లోపలికి వచ్చి గిన్నె, దిక్సూచి పక్కపక్కన పెట్టాడు. పెంగెల్లీ మూలుగుతూ గోడ వైపు తిరిగాడు. ముసలాయన వేలు రెండింటి మధ్యా కాసేపు ఊగిసలాడి గిన్నె మీద వాలింది.

"ఇది ఎవరిది?"

సైలస్ దగ్గలేదు. ఊపిరి కూడా బిగబట్టాడు. హాస్కింగ్ మొహం చూడలేక కళ్లు మూసుకున్నాడు.

"నిన్నేరా! ఇది ఎవరిది?"

"నాది," అన్నాడు పెంగెల్లీ, గోడ వైపే చూస్తూ. "పిలిచిన పేరుకు తిరుగులేదు కదా సార్? దిక్సూచి మీ ఇద్దరిదీ."