చీటీలో వచ్చిన ఇల్లు

“చీటీ మార్చడం కుదరదు సార్,” అన్నాడు సేవాసంఘం గుమాస్తా సుభానీ.

జయరావు చీటీ మళ్ళీ విప్పి చూశాడు. అదే ఇల్లు. “నాకు మీటింగులున్నాయయ్యా. ఈ ఇంటికి నువ్వెళ్ళు.”

“ఎవరి చీటీ వాళ్ళదేనని రూలు పెట్టింది మీరే కదా సార్.”

పోయినేడు సేవాసంఘం తరఫున, మంచాన పడ్డవాళ్ళని చూసుకునే ఆడవాళ్ళకి శాలువాలు కప్పారు. పన్నెండు మందిని పిలిస్తే నలుగురొచ్చారు. మిగిలినవాళ్ళకి ఇల్లు కదిలే వీలెక్కడిది? వచ్చినవాళ్ళలో ఒకామె మైకులోనే అడిగేసింది, “శాలువా బదులు మా ముసలాయన దగ్గర రెండు గంటలు ఎవరన్నా కూచోగూడదా అండీ?” అని. ఇకనుంచి గురువారం గురువారం వలంటీర్లు చీటీలో వచ్చిన ఇళ్ళకెళ్ళి కూర్చుంటారని అధ్యక్షుడు జయరావు అక్కడికక్కడే ప్రకటించాడు. ప్రకటించడం ఆయనకి బాగా వచ్చు. తన వంతు కూడా వస్తుందని అప్పుడు తట్టలేదు.

“అసలీ ఇల్లు ఎవరు రాయించారు?”

“నాగజ్యోతిగారే ఫోన్ చేశారు సార్. పన్ను నొప్పంట. లవంగం పెట్టుకుని మూడు నెలలుగా నెట్టుకొస్తన్నారు. చిలకలూరిపేట పోయి పీకించుకుందామంటే మామ్మగారి దగ్గర కూచునేవాళ్ళు లేరంట.”

“మూడు నెలలా?”

“ఎవరూ అడగలేదంట సార్.” సుభానీ కాగితాల్లోంచి తలెత్తలేదు. ఒక ఫారం తీసి చేతికిచ్చాడు. “వెళ్ళొచ్చాక ఇది నింపాలి.”

“‘పేషెంటుకు మీరు ఏమవుతారు?’ ఇదేంటిది?”

“ఆస్పత్రి ఫారం చూసి కొట్టించాను సార్, ఆ గడి ఉండిపోయింది. మనవాళ్ళంతా ‘ఏమీ కాను’ అని రాస్తన్నారు.”

గురువారం రెండింటికి జయరావు ఇస్త్రీ చొక్కాతో ఆ గేటు ముందు బైకు ఆపాడు. నాగజ్యోతి సంచీ భుజాన వేసుకుని సిద్ధంగా ఉంది. ఎడమ బుగ్గ వాచి ఉంది.

“వచ్చారా వలంటీరు గారూ, రండి,” అంది. నొప్పిలోనూ ఆమె గొంతులో వెటకారం తగ్గలేదు. “మా అత్తయ్యకి ఎడంపక్క స్వాధీనం లేదు. స్పూను నోట్లో కుడివైపు పెట్టాలి. లేకపోతే పొలమారుద్ది.”

“స్పూన్లెక్కడ?”

“స్టాండులో. మూడింటికి జావ, తర్వాత తెల్ల మాత్ర. ఆ వేళకే మిరపకాయ బస్తాల లారీ పోద్ది, ముందే కిటికీ మూసెయ్యండి. ఘాటుకి దగ్గొస్తే ఆమె తట్టుకోలేదు.”

“మాత్రలెక్కడ?”

“ఫ్రిజ్ మీద డబ్బాలో.” గేటు దాకా వెళ్ళి రెండుసార్లు వెనక్కొచ్చింది. మూడోసారి బస్సు హారన్ వినిపించి పరుగెత్తింది. అత్తగారు మంచాన పడ్డ పదకొండు నెలల్లో ఆమె ఒంటరిగా బస్సెక్కడం ఇదే మొదలు.

మంచం మీద శివపార్వతమ్మ ఆయన్ని పైనించి కింది దాకా చూసింది.

“నన్ను పక్కకి తిప్పగలవా?”

జయరావు భుజం పట్టి లాగాడు.

“భుజం ఊడొస్తది నాయనా. నడుం కింద చెయ్యి పెట్టు. ఆఁ, అట్టా. మా కోడలు రోజుకి పదిసార్లు తిప్పుద్ది.”

“పదిసార్లా?”

“రాత్రుళ్ళు లెక్కలో వెయ్యలేదు.”

కాసేపటికి ఆయన ఫోను తీసి మంచం పక్కన వంగాడు. “ఒక్క ఫోటో అమ్మా, గ్రూపులో పెట్టాలి.”

“ముందు మూతి తుడువు.”

ఫోను జేబులో పెట్టి మూతి తుడిచాడు. మూడింటికి కిటికీ మూసి, జావ తెచ్చాడు. అలవాటుగా స్పూను ఎడంవైపు పోయింది. ఆమెకి పొలమారి, సగం జావ చొక్కా మీద పడింది. జయరావు హడలిపోయి వీపు నిమిరాడు. ఆమె తేరుకునే దాకా నిమురుతూనే ఉన్నాడు.

“కుడివైపన్నది గదా,” అంది ఆమె చివరికి. “చొక్కా పాడయింది. ఎవరు ఇస్త్రీ చేస్తారు?”

“ఇంట్లోనే.”

“పాపం.”

ఈసారి చెంచా చెంచాకీ ఆగుతూ కుడివైపు పెట్టాడు. ఆమె తింటూ కబుర్లు మొదలెట్టింది. “నాకూ ఉన్నాడు ఒక్కడే కొడుకు. పనిమంతుడు. అన్నానికొచ్చి, ఫోను చూసుకుంటా తిని పోతాడు.”

“పనులుంటాయి కదమ్మా.”

“ఉంటయ్, ఎవరు కాదన్నారు? మొగుడు అటు, మంచం మీద నేను ఇటు. ఆ పిల్ల బుగ్గ వాచిందని నాకు తెలుసు. లేచి ఆస్పత్రికి తీసుకుపోలేను గదా.”

జయరావుకి సిగ్గేసింది. గిన్నె అడుగు గీకుతూ తల వంచుకున్నాడు.

నాలుగున్నరకి నాగజ్యోతి వచ్చింది. నోట్లో దూది. పన్ను పోయిందని చేత్తో చెప్పి, ముందు అత్తగారి నుదురు తాకి చూసింది. గిన్నె ఖాళీగా ఉంది. పక్క పొడిగా ఉంది. ఆమె కళ్ళు చెమర్చాయి.

“వచ్చే గురువారం కూడా నేనే ఉంటాను,” అన్నాడు జయరావు.

“మిగతా రోజులు సెలవా?” అంది శివపార్వతమ్మ.

ఆయన ఫారం తీశాడు. రెండు నుంచి నాలుగున్నర. పక్కకి తిప్పడం, జావ, మాత్ర. ఆఖరి గడి దగ్గర పెన్ను ఆగిపోయింది.

“ఏమడుగుతంది ఆ కాగితం?” అంది ముసలావిడ.

“పేషెంటుకు మీరు ఏమవుతారు, అని.”

నాగజ్యోతి చెంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగింది.

“ఆ పిల్లకి మొగుణ్ణని, నా కడుపునే పుట్టానని రాయరా,” అంది శివపార్వతమ్మ.