చిరుతకు కుట్టిన చొక్కా

ఒక అడవిలో సింగారి అనే కుట్టుపిట్ట ఉండేది. సెలయేటి మడతలు చూసి కుందేలికి కుచ్చిళ్లు పెట్టేది. సీతాకోకచిలుక రెక్క చూసి ఏనుగమ్మకు పైట కుడితే, ఆ సోకు చూడటానికి సూర్యుడు ఆ పూట అస్తమించడమే మరిచిపోయాడు. అబద్ధమనుకుంటే ఆ ఏనుగునే అడగండి.

ఒకనాడు చిరుత వచ్చి సింగారి గూటి ముందు కూర్చుంది. గూట్లో రెక్కలు రాని పిల్లలున్నాయి.

“జింకలకు కనబడని చొక్కా కావాలి. పొద్దుగూకేలోగా కుట్టకపోతే నీ పిల్లలే నాకు ఫలహారం.”

 సింగారి సూదిలాంటి ముక్కు సవరించుకుంది.

“అలాగే దొరా. కానీ తెంపిన ఆకు వాడిపోతుంది, జింకలు పసిగట్టేస్తాయి. అందుకే నేను తీగనున్న ఆకుల్నే కుడతాను. మీరే వచ్చి నిలబడాలి.”

చెట్టు కొమ్మల నుంచి వేలాడే అడ్డాకు తీగతో కొండను కట్టినా తెగదు. ఆ తీగనూ ఆకుల్నీ కలిపి, చిరుత చంకల కిందుగా, పొట్ట చుట్టూ కుట్టేసింది.

“బిగుతుగా ఉందే,” అంది చిరుత.

“ఒంటికి అతికినట్టుంటేనే అందం దొరా.”

అంతలో ఒక జింక వచ్చింది. చిరుత కనబడక, దాని మీసాల పక్కనే గడ్డి మేసింది.

చిరుత దూకింది. జింక పారిపోయింది. చొక్కా మాత్రం తీగను వదల్లేదు. చిరుత గాల్లో ఉయ్యాలూగింది.

“విప్పు,” అని గుర్రుమంది.

సింగారి పిల్లల నోట్లో పురుగు పెడుతూ, దర్జీలందరూ చెప్పే మాటే చెప్పింది.

“చేతిలో పనుంది దొరా. రేపు తప్పకుండా చేసిస్తాను.”

పిల్లలకు రెక్కలొచ్చి ఎగిరిపోయేదాకా ఆ రేపు రాలేదు.