ఇంకొక్క చుట్టు

“ఆగకండి కోదండం గారూ. ఆగితే మళ్లీ మిమ్మల్ని కదపడానికి క్రేను తేవాలి,” అంటూ శ్రీరామమూర్తి పక్కనుంచి దాటిపోయాడు. ఆయనకు డెబ్భై దాటాయి. నడుస్తున్నాడు. కోదండం పరుగెత్తుతున్నాడు.

సరూర్‌నగర్ చెరువు కట్ట మీద బెంచీ కనబడగానే కోదండం కూలబడ్డాడు. అక్కడ అక్క రాధమ్మ అతని తువ్వాలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

“నాతోని కాదక్కా. ఇన్నేండ్లు దిల్‌సుఖ్‌నగర్ దుకాణంల పరుపు మీద కూసోని చీరలు చూపిచ్చినోన్ని. నాకేంది గీ ఉరుకుడు?”

“కాకుంటే మానెయ్ తమ్మీ,” అంది రాధమ్మ మెల్లగా. “బలవంతమేం లేదు.”

ఆ మాటకే అతను లేచాడు. ఎల్‌బీనగర్ దవాఖానలో డాక్టరు దాచకుండా చెప్పాడు. కోదండం కాలేయానికి కొవ్వు పట్టింది, అది కరిగితేనే ఆపరేషన్, ఎక్కువ రోజులు ఆగే పరిస్థితి కాదు. నూనె మానడం, రాత్రి అన్నం మానడం ఎట్లాగో అలవాటైంది. పరుగు మాత్రం రోజూ శిక్షే.

“మీరూ నాలుగడుగులు వేయొచ్చు కదమ్మా,” అన్నాడు శ్రీరామమూర్తి ఒకనాడు.

“ఉరకమన్నది వాన్ని సార్,” అని రాధమ్మ నవ్వింది.

ఎప్పుడు మారిందో కోదండానికే తెలియదు. ఒక పొద్దున ఆయాసం దానంతటదే సర్దుకుంది. చిన్నప్పుడు పోచంపల్లిలో నాయిన మగ్గం ఆడినట్టు అడుగూ ఊపిరీ ఒక వరసలో పడ్డాయి. నీళ్ల మీది గాలి ముఖానికి చల్లగా తగిలింది. చూసుకోకుండానే బెంచీ దాటేశాడు.

“సాలు తమ్మీ, ఇంటికి పోదాం,” వెనకనుంచి రాధమ్మ పిలిచింది.

“ఇంకొక్క చుట్టు అక్కా.”

స్కానింగ్ రోజు అక్కాతమ్ముళ్లిద్దరూ డాక్టరు ముందు కూర్చున్నారు. డాక్టరు కంప్యూటరు తెర మీదినుంచి చూపు తిప్పడం లేదు.

“తగ్గకుంటే ఇంకో నెల ఉరుకుత సార్,” అన్నాడు కోదండం. “ఇప్పుడు నాకది కష్టమనిపిస్తలేదు.”

“నెల ఆగలేం,” అన్నాడు డాక్టరు.

రాధమ్మ తమ్ముడి చెయ్యి పట్టుకుంది.

డాక్టరు కళ్లజోడు తీసి, రాధమ్మ వైపు తిరిగాడు.

“అమ్మా, మీ తమ్ముడి కాలేయంలో సగం మీకు పెట్టొచ్చు.”