వెనక్కి తిరిగిన బొమ్మ

"మీ సమీక్షకి థ్యాంక్స్ సార్. కానీ మీరు అంతగా మెచ్చుకున్న బొమ్మ నా పుస్తకంలో లేదండీ," అంది ఫోన్లో, ఆ బొమ్మల నవల గీసిన ఆర్టిస్టు.

నాకు చూపు పోయి చాన్నాళ్లయింది, సమీక్షలు రాయించుకునే పత్రికవాళ్లకి చెప్పలేదు. ఆర్టిస్టులు సొంత ఖర్చుతో అచ్చేసుకున్న కామిక్సు సమీక్ష కోసం ఇంటికి వస్తూనే ఉంటాయి. మా అమ్మాయి పక్కన కూర్చుని ఒక్కో బొమ్మా చెబుతుంది. విసుగ్గా విని, విసుగ్గానే ఏదో రాసి పారేస్తాను.

ఆ ఒక్క బొమ్మ దగ్గరే ప్రాణం లేచొచ్చింది. పెట్టె పట్టుకుని ఇల్లు వదిలి వెళ్లిపోతున్న భార్య, గేటు దగ్గర ఆగి కిటికీ వైపు చూస్తుంది. ఆ చూపు కోసమైనా పుస్తకం కొనండని రాశాను.

"నా కథలో ఆవిడ వెనక్కి తిరగదు సార్."

ఫోన్ పెట్టేసి కూతురి మీద ఎగిరాను. "లేని బొమ్మ ఎందుకు చెప్పావే? నా పరువు తీశావు!"

అది తాపీగా అంది: "పుస్తకంలో తిరగలేదు నాన్నా. మనింట్లోంచి వెళ్లిపోయిన రోజు అమ్మ తిరిగింది. చాలాసేపు చూసింది. నువ్వు ఆ కిటికీ పక్కనే కూర్చుని ఏదో కామిక్ మీద సమీక్ష రాసుకుంటున్నావు."

అప్పుడు నా కళ్లు బాగానే ఉండేవి.