గట్టిగా తగిలేది

"వీటిలో అన్నిటికంటే వేగంగా పేలేది ఏది?" అన్నాడు కళ్ళజోడాయన.

రంగు తుపాకుల గదిలో మాస్టారు తలెత్తి చూశాడు. రంగు గుళ్ళతో కాల్చుకునే ఆటకు వచ్చేవాళ్ళకు తుపాకులిచ్చి, పట్టుకోవడం నేర్పించే పని ఆయనది. అందుకే అందరూ మాస్టారంటారు. వచ్చేవాళ్ళు మామూలుగా నవ్వుకుంటూ, ఒకరినొకరు తోసుకుంటూ వస్తారు. ఈయన లోపలికి వస్తూనే తలుపు గడియ పెట్టాడు.

"ముందు కూర్చోండి."

"కూర్చోలేను. బయట వాళ్ళు చూస్తున్నారు."

మాస్టారు కిటికీలోంచి చూశాడు. పదకొండు మంది. అందరూ ఒకే ఆఫీసు బస్సులో దిగారు. ఇందాకే తుపాకులు తీసుకుని, ముసుగులు బిగించుకుని కంచె పక్కన వరసగా నిలబడ్డారు. ఒక్కరూ మాట్లాడటం లేదు. అందరి చూపూ ఈ తలుపు మీదే.

"మీ జట్టులో ఎంతమంది?"

"నేనొక్కడినే."

"అవతల?"

"పదకొండు."

తుపాకీ తుడుస్తున్న మాస్టారి చెయ్యి ఆగిపోయింది.

"ఇదేం పంపకమండీ! మీరు ఒప్పుకున్నారా?"

"ఒప్పుకున్నాను. తప్పదు. ఉద్యోగం."

మాస్టారికి ఇంకేమీ అడగాలనిపించలేదు. ఆయన పద్దెనిమిదేళ్ళు మిల్లులో పనిచేశాడు. నోరులేనివాడు ఒకడు దొరికితే పదిమంది చేరి ఎలా ఆడుకుంటారో కళ్ళారా చూశాడు.

గోడకున్న తుపాకుల్ని ఒక్కొక్కటే దించి బల్ల మీద పెట్టాడు.

"ఇది లాగుడు రకం. ప్రతి గుండుకీ ఈ పిడి వెనక్కి లాగాలి. మీ చేతులు చూస్తే రెండోసారి లాగేలా లేవు. ఇది మామూలుది. ఒక నొక్కుకి ఒక గుండు. బయటవాళ్ళంతా ఇదే పట్టుకెళ్ళారు. ఇదేమో బ్యాటరీది. వేలు ఆడిస్తే చాలు, వానే."

"బ్యాటరీది ఇవ్వండి. తగిలితే ఎలా ఉంటుంది?"

"దూరం నుంచైతే చీమ కుట్టినట్టు. దగ్గర నుంచైతే నిమ్మకాయంత కమిలిపోతుంది. వారం ఉంటుంది మచ్చ."

"ముసుగు ఊడితే?"

"ఊడనివ్వకండి."

కళ్ళజోడాయన నుదురు తుడుచుకున్నాడు. రుమాలు అప్పటికే తడిసిపోయి ఉంది.

"ఆ పెద్దావిడకి ఏది ఇచ్చారు?"

"తెల్లజుట్టావిడకా? మా అమ్మ వయసుంటుంది. ఆవిడకి కూడా భయపడతారా?"

"ఆవిడకే ఎక్కువ."

ఎవరో దబదబా తలుపు బాదారు. కళ్ళజోడాయన ఎగిరిపడి బల్ల వెనక్కి జరిగాడు.

"ఏమండోయ్! తుపాకీ ఎంచుకుంటున్నారా, దాక్కున్నారా? నెమ్మదిగానే రండి. మాకేం తొందర లేదు, రేపు కూడా ఖాళీయే!"

వెనక ఎవరో నవ్వారు. అది నవ్వులా లేదు.

"భయపడకండి," అన్నాడు మాస్టారు. "ఒక్కటి తగిలితే అవుట్. బయటికొచ్చేయొచ్చు."

"ఆ రూలు తీసేశారు. ఎన్ని తగిలినా గంటసేపు లోపలే ఉండాలి. అలా మాట్లాడుకున్నాం."

మాస్టారు సొరుగులోంచి మర తిప్పే కడ్డీ తీసుకున్నాడు.

"మీరిక్కడే ఉండండి. నేనొచ్చేదాకా గడియ తియ్యొద్దు."

వెనక తలుపులోంచి బయటికెళ్ళి కంచె దగ్గర నిలబడ్డాడు.

"ఆటకి ముందు తుపాకుల వేగం చూడాలి. ఒక్కొక్కరూ రండి."

ప్రతి తుపాకీ వెనకా చిన్న మర ఉంటుంది. అది తిప్పితే గుండు వేగం తగ్గుతుంది. మామూలుగా హద్దు దాటినవాటికే తగ్గిస్తాడు. ఈ రోజు వరసగా అన్నిటికీ రెండేసి చుట్లు తిప్పాడు. ఇక గుండు బయటికైతే వస్తుంది. మనిషి దాకా వెళ్ళదు.

పెద్దావిడ చివర్న వచ్చింది. ముసుగు పైకెత్తింది. కళ్ళు వాచి ఎర్రగా ఉన్నాయి. ముసుగు రబ్బరు పడలేదు కాబోలు అనుకున్నాడు.

"నాది గట్టిగా తగలాలి నాయనా. ఎప్పుడూ తుపాకీ పట్టినదాన్ని కాదు. ఇవాళ ఒక్కరోజే."

ఆ మాట ఆవిడ చాలా నెమ్మదిగా అంది. మాస్టారికి నిజంగానే భయమేసింది. ఈ వయసులో ఇంత విషమా అనుకున్నాడు. ఆవిడ తుపాకీకి మరో చుట్టు ఎక్కువే తిప్పాడు.

"తగ్గించలేదు కదా?"

"లేదమ్మా."

గదిలోకి తిరిగొచ్చి కళ్ళజోడాయనకు ఒకదాని మీద ఒకటి రెండు దళసరి కోట్లు తొడిగాడు. బ్యాటరీ తుపాకీ వేగం హద్దు దాకా పెంచి చేతికిచ్చాడు.

"ఇంక మీకేం కాదు. ధైర్యంగా వెళ్ళండి. వాళ్ళ సంగతి నేను చూశాను."

కళ్ళజోడాయన ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. "మీ మేలు మరిచిపోను," అన్నాడు.

ఈల మోగింది. పదకొండు తుపాకులు ఒక్కసారిగా పేలాయి. రంగు గుళ్ళు సగం దూరంలోనే గడ్డిలో పడి దొర్లాయి. మళ్ళీ పేల్చారు. మళ్ళీ గడ్డిలోనే పడ్డాయి. కాసేపటికి అవతల నుంచి బ్యాటరీ తుపాకీ మొదలైంది. మొదటి కేక ఆడగొంతుది.

తగిన శాస్తి జరిగిందనుకున్నాడు మాస్టారు.

రేకుల షెడ్డు కింద ఆఫీసు బస్సు డ్రైవరు ఒక్కడే కూర్చుని ఉన్నాడు. మాస్టారు వెళ్ళి పక్కన కూలబడ్డాడు.

"పాపం, మీ ఆఫీసులో ఆ కళ్ళజోడాయన్ని రోజూ ఇలాగే ఏడిపిస్తారా?"

డ్రైవరు ఆయనవంక వింతగా చూశాడు.

"పాపమేంటి మాస్టారూ, పొద్దున ఆ పదకొండు మందినీ ఉద్యోగాల్లోంచి పీకేసి, 'గంటసేపు నన్ను కసితీరా కాల్చుకోండి, తరవాత గొడవ చెయ్యకుండా రాజీనామా కాగితాల మీద సంతకాలు పెట్టేయండి' అని ఒప్పించి తీసుకొచ్చిన మేనేజరు ఆయన."