ముందా, తర్వాతా?

"మాస్టారండీ, ఈ 'ప్రిసీడ్' అంటే ఏటి? డాక్టరు పరీక్ష ఇంటర్వ్యూకి ముందా, తర్వాతా?"

కనకమహాలక్ష్మి కార్డు చాపి గుమ్మంలో నిలబడింది. చోడవరం హైస్కూల్లో ఇంగ్లీషు మాస్టారు లక్ష్మీనరసింహం కళ్ళజోడు తుడుచుకుని చదివారు. విశాఖపట్నంలో టీచరు ట్రైనింగుకి పిలుపు. పన్నెండో తారీఖున ఇంటర్వ్యూ. డాక్టరు పరీక్ష దాన్ని ఒక రోజు 'ప్రిసీడ్' చేస్తుందని ఉంది. అచ్చం అలాంటి కార్డే ఆయన కూతురు జానకికీ వచ్చింది. తాలూకాకి సీటు ఒక్కటే. ఎస్సెల్సీలో జానకి కంటే కనకానికే మార్కులెక్కువ.

ఆ మాటకి అర్థం ఆయన ఇరవై ఏళ్ళుగా పిల్లలకి చెబుతూనే ఉన్నారు.

"తర్వాత" అన్నారు.

"అయితే పన్నెండుకెల్తే సాలన్నమాట."

"చాలు."

కనకం దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది. ఆయన ఆ పూట అన్నంలో చెయ్యి పెట్టి లేచేశారు.

పదకొండున జానకిని తీసుకుని పట్నం వెళ్ళారు. ఆస్పత్రి వరండాలో ఆడపిల్లల వరస. గేటు చప్పుడైనప్పుడల్లా ఆయన తల తిరిగేది. ఎవరైనా చెప్పి ఉంటారేమో, ఆ పిల్ల వచ్చేస్తే బాగుణ్ణు అనిపించింది. వచ్చేస్తే ఎలా అని కూడా అనిపించింది. రాలేదు.

మర్నాడు కనకం తన తండ్రి పెదబాబుతో ఇంటర్వ్యూకి వచ్చింది. గుమస్తా గడప దగ్గరే ఆపేశాడు.

"పరీక్ష నిన్ననే అయిపోయింది. డాక్టరు కాయితం లేకుండా లోపలికి పంపం."

పెదబాబు భుజం మీది తువ్వాలు తీసి చేతుల్లో పట్టుకున్నాడు. "తెలీక పొరపాటైపోనాది బాబూ. మా గుంట సదువుకున్నాది. ఒక్కసారి సూడండి."

లక్ష్మీనరసింహం పదడుగుల దూరంలో, స్తంభం పక్కన ఉన్నారు. ముందుకొచ్చి ఒక్క మాట చెబితే సరిపోయేది. చెప్పులోంచి ఇసక దులుపుకుంటూ తల వంచుకున్నారు.

సీటు జానకికొచ్చింది. ఇంట్లో మాడుగుల హల్వా పంచారు. ఆయన ముట్టుకోలేదు.

ఆదివారం పొద్దున్నే పెదబాబు పొలానికి నడిచి వెళ్ళారు. చెరుకుతోటలో కనకం ఎండుటాకులు తీస్తోంది. ఆయన్ని చూసి గట్టు మీదికొచ్చింది.

"ప్రిసీడ్ అంటే ముందు రావడం, కనకం. నాకు తెలుసు. తెలిసే అబద్ధం చెప్పేను."

కనకం చేతిలో ఉన్న ఎండుటాకులు కింద పడేసింది. ఆయన ఆగలేక మళ్ళీ మొదలుపెట్టారు.

"రేపు పట్నం వెళ్ళి జరిగిందంతా చెప్పేస్తాను. నా ఉద్యోగం పోతే పోనీ. నన్ను తిట్టమ్మా, పడతాను. జానకిని మాత్రం ఏమీ అనుకోకు. పాపం, దానికి ఇదేమీ తెలీదు."

కనకం చేతుల మట్టి ఓణీకి తుడుచుకుంది. తలెత్తకుండానే అంది:

"మీకన్నా ముందు జానకినే అడిగేను మాస్టారండీ. అదీ 'తర్వాతే' అంది. అనుమానం తీరకే మీకాడికొచ్చేను."